ఆకలికి మందు

మా వైపు ఆకలికి మందు అంటే ఒకప్పుడు ఒకటే అర్థం. పిల్లవాడు అన్నం ముట్టడం లేదంటే వామునీళ్లో, శొంఠిపొడి కలిపిన తొలిముద్దో పెట్టేవారు. ఆకలిని పుట్టించేదే మందు. దానిని అణచడానికి ఎదురు డబ్బిచ్చి మందు కొనుక్కునేవారు ఉంటారని మా జేజితో చెప్పి ఉంటే నమ్మేది కాదు. ఆ కొనుక్కునేవారి వరుసలో ఇప్పుడు నేను నిలబడి ఉన్నాను. ఇంకా కొనలేదు. కొనాలా వద్దా అని నాలుగు నెలలుగా నాలో నేను వాదించుకుంటున్నాను. ఆ వాదం ఎటు నడిచిందో, ఎక్కడ తేలిందో రాసిపెట్టుకుందామని ఈ నాలుగు మాటలు.

ముందు లెక్కలు చెప్పాలి. నాకు నలభై ఏడేళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. వైద్యులు వాడే శరీర ద్రవ్య సూచిక ప్రకారం ఇది 35 దాటింది. ప్రపంచమంతటా 30 దగ్గర గీసే స్థూలకాయపు గీతను, మన ఒంటి తీరు వేరని, మన దేశపు వైద్యులు 2009లోనే 25 దగ్గరకు దించారు. ఏ గీత ప్రకారం చూసినా నేను అవతలి గట్టునే ఉన్నాను. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్షలో 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి గడప అంటారు. అంటే నేను గడప మీద కూర్చుని ఉన్నాను. ఆ గడప దాటి లోపలికి వెళితే ఏముంటుందో నాకు ఇంట్లోనే తెలుసు. మా అమ్మకు ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు.

నేనుండేది ఎమ్మిగనూరు, పాఠాలు చెప్పేది ఆదోనిలో. రోజూ బస్సు. ఎమ్మిగనూరు అనగానే మాచాని సోమప్పగారు 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం గుర్తుకు వస్తుంది. ఆదోని అనగానే పత్తి, నూనె మిల్లులు. తిండి సంగతికి వస్తే రెండు ఊళ్లకూ భేదం లేదు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. పండగ వస్తే ఓళిగలు. బుడ్డలు వేయించి దంచిన పొడి లేనిదే జొన్న రొట్టె దిగదు. ఇవన్నీ పొలంలో ఎనిమిది గంటలు వంగి పనిచేసే ఒంటికి అమరిన తిండ్లు. బస్సులో కూర్చుని వెళ్లి, కుర్చీలో కూర్చుని వచ్చే ఒంటికి అవే తిండ్లు వేరేగా పనిచేస్తాయి.

"నోరు కట్టుకోవల్లమ్మా, సూదులతో అయ్యే పని కాదు" అన్నాడు మా చిన్నాయన. ఆయన మాట తీసిపారేసేది కాదు. అయితే నోరు కట్టుకోవడం నాకు కొత్త కాదు. 2016లో తొమ్మిది కిలోలు తగ్గాను, 2019లో పదకొండు. రెండు సార్లూ ఏడాదిన్నరలోపే పోయింది పోయినట్టు తిరిగి వచ్చింది. దీనికి నా బలహీనతే కారణమని చాలాకాలం అనుకున్నాను. 2011లో ఆస్ట్రేలియా వైద్యులు ప్రచురించిన ఒక పరిశోధన గురించి చదివాక వేరే సంగతి తెలిసింది. యాభై మందికి పది వారాలు బాగా తక్కువ తిండి పెట్టి బరువు తగ్గించి, ఏడాది తర్వాత చూస్తే, వాళ్ల రక్తంలో ఆకలిని పెంచే హార్మోన్లు ఇంకా పెరిగే ఉన్నాయట, కడుపు నిండిందని చెప్పేవి తగ్గే ఉన్నాయట. పోయిన బరువును ఒళ్లు అప్పు కింద రాసుకుని వసూలు చేసుకుంటుందన్నమాట. నోరు కట్టుకోవడం వారం రోజుల దీక్ష అయితే ఎవరైనా చేస్తారు. కట్టిన నోటిని ఒళ్లే లోపలి నుంచి విప్పుతుంటే ఎన్నేళ్లు కట్టగలం?

ఇంతకీ ఇటువంటి మందు మా ఇంటికి కొత్త కూడా కాదు. మా అక్క 2008లో బళ్లారిలో ఒక వైద్యుడు రాసిచ్చిన గొట్టం మాత్రలు వాడింది. సిబుట్రమిన్ అని దాని పేరు. మెదడులో కొన్ని రసాయనాలను నిలబెట్టి ఆకలిని అణిచేది. ఆరు కిలోలు తగ్గింది. దానితో పాటు గుండె దడ, రక్తపోటు వచ్చాయి. ఆమె తనంతట తానే మానేసింది. ఆ మందు మీద జరిగిన పెద్ద పరీక్ష ఫలితం 2010లో వెలువడింది. గుండెజబ్బు ముప్పు ఉన్న దాదాపు పదివేల మందిలో మందు వాడినవారిలో 11.4 శాతం మందికి గుండెపోటో పక్షవాతమో అటువంటి ఆపదో వచ్చింది. ఉత్తమాత్ర వాడినవారిలో 10 శాతం మందికి. ఐరోపా ఆ ఏడాది మొదట్లోనే ఆపించింది, అమెరికాలో అక్టోబరులో అంగడి నుంచి తీసేశారు, మన ప్రభుత్వం 2011 ఫిబ్రవరిలో నిషేధించింది. అంతకు ముందు 1997లో ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలను చెడగొడుతోందని అమెరికాలో ఇలాగే వెనక్కి వెళ్లింది. ఈ చరిత్ర తెలిసినవారు ఆకలి మందు అనగానే ఒకడుగు వెనక్కి వేస్తే అది పిరికితనం కాదు.

అందుకే డాక్టరుగారు టిర్జెపటైడ్ అనే సూదిమందు పేరు చెప్పినప్పుడు నేను మొదట అడిగిన ప్రశ్న అదే: "దీనికీ దానికీ తేడా ఏమిటండీ?" ఆమె ఓపికగా చెప్పారు. తిన్నప్పుడు మన పేగులు విడుదల చేసే హార్మోన్లు కొన్ని ఉన్నాయి. అవి కడుపు ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తాయి, చాలునని మెదడుకు కబురు పంపుతాయి. కానీ సహజమైన ఆ హార్మోను రక్తంలో నిలిచేది నిమిషాలు మాత్రమే. ఈ మందు దానిని పోలి ఉండి రోజుల తరబడి నిలుస్తుంది. ఈ కుటుంబంలో మొదటి మందుకు మూలం అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలం. 1992లో జాన్ ఎంగ్ అనే శాస్త్రవేత్త అందులోని పదార్థాన్ని బయటపెట్టారు, 2005లో అది మధుమేహానికి మందైంది. ఏడాదికి కొద్దిసార్లే తిని బతికే జీవి దగ్గర మనిషికి ఈ మందు దొరకడం నాకు వింతగా తోచింది.

గుండె సంగతి? ఈ కుటుంబానిదే అయిన సెమాగ్లూటైడ్‌ను, అధిక బరువూ గుండెజబ్బూ ఉండి మధుమేహం లేని 17,604 మందిలో పరీక్షించారు. 2023లో వచ్చిన ఫలితం ప్రకారం గుండె ఆపదలు 8 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గాయి. సిబుట్రమిన్‌ను అడిగిన ప్రశ్ననే దీనినీ అడిగారు. జవాబు తలకిందులుగా వచ్చింది. నాకు గుండెజబ్బు లేదు కనుక ఆ ఫలితం నాకు నేరుగా వర్తించదు. నాకు వర్తించేది మరొకటి. గడప మీద కూర్చున్న నాబోటివారు వెయ్యిమందికి పైగా మూడేళ్లకు పైగా టిర్జెపటైడ్ పరీక్షలో ఉన్నారు. ఉత్తసూది వేసుకున్నవారిలో 13.3 శాతం మంది మధుమేహంలోకి వెళితే, మందు వాడినవారిలో 1.3 శాతం మందే వెళ్లారని 2024లో ప్రకటించారు.

రెండో పక్క కూడా రాయాలి. మందు ఆపితే ఏమవుతుంది? 36 వారాలు వాడి సగటున 20.9 శాతం బరువు తగ్గినవారిలో సగం మందికి చెప్పకుండా ఉత్తసూదికి మార్చితే, తరువాతి ఏడాదిలో వాళ్ల బరువు 14 శాతం తిరిగి పెరిగింది. కనుక ఇది జ్వరం మందు కాదు, రక్తపోటు మాత్ర లాంటిది. వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది. ఒక రకం థైరాయిడ్ క్యాన్సరు ఇంట్లో ఎవరికైనా ఉంటే అసలు వాడకూడదు. తగ్గే బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది.

ఖర్చు? మౌంజారో పేరుతో 2025 మార్చిలో అది మన దేశానికి వచ్చినప్పుడు తొలి మోతాదు సీసా 3,500 రూపాయలు. వారానికి ఒకటి, అంటే నెలకు 14,000. సెమాగ్లూటైడ్ పేటెంటు మన దేశంలో 2026 మార్చి దాకానేననీ, ఆ తర్వాత దేశీయ కంపెనీలు చేసుకోవచ్చనీ మందుల అంగడాయన ముందే చెప్పాడు. అయినా మొదట పేటెంటు ముందరి ధరతోనే లెక్క వేసుకున్నాను, ఎందుకంటే నన్ను గుచ్చింది ఆ పద్నాలుగు వేలే.

దీపావళి దాటితే మా తరగతిలో వెనక బల్లలు ఖాళీ అవుతాయి. "యాడికి పోయినారు?" అంటే "సుగ్గికి పోయినారు మేడం" అంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెల నుంచి ఇళ్లకు తాళాలు వేసి, పత్తి తీసేందుకూ మిరపకాయలు కోసేందుకూ గుంటూరు దాకా వెళ్లే కుటుంబాల పిల్లలు వాళ్లు. వాళ్ల ఎదుట నిలబడి, ఆకలి తగ్గించుకోవడానికి నెలకు పద్నాలుగు వేలు ఖర్చుపెట్టే మనిషి పాఠం ఎలా చెబుతుంది?

అమ్మ ఇంకా సూటిగా అడిగింది. "మీ జేజి ఆకిలితో సచ్చి బతికింది. నువ్వు ఆకిలి సంపుకునేకి దుడ్లు పెడ్తావా?"

ఈ నేల ఆకలి చిన్నది కాదు. 1876–78 నాటి ధాత కరువులో ఆదోని అప్పటి బళ్లారి జిల్లాలో ఉండేది. బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువు ఘోరంగా కొట్టిన చోట్లు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాగా తగ్గించాడు. పౌను అంటే అర్ధకిలో కూడా లేదు. రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ పోట్లాడితే కొన్ని నెలలకు కొంత పెంచారు. మనిషికి ఎంత తిండి కావాలన్న ప్రశ్నను ఇంత కర్కశంగా తూచిన గడ్డ మీద పుట్టి, నేను నా ఆకలిని ఎక్కువైందంటున్నాను.

చాలా రోజులు ఈ రెండింటినీ ఎదురుబొదురుగానే పెట్టుకున్నాను. తర్వాత పుణెలోని డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి పని చదివాను. 2004లో ఆయన తన లండన్ మిత్రుడు యూడ్కిన్‌తో కలిసి దిగిన ఫొటో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి సూచికా ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యూడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. మన పిల్లలు చిన్నగా పుట్టినా కొవ్వు తక్కువ ఉండదనీ, తల్లి కడుపులోని లేమిని ఒళ్లు గుర్తుపెట్టుకుంటుందనీ ఆయన వాదం. నా ఒళ్లు మా జేజి ఆకలిని దాచుకుందని రుజువు చేయలేను. కానీ కరువుకూ ఊబకాయానికీ పుట్టువైరం అనుకోవడం మానేశాను. మధుమేహం ఒకే ఇంట్లో జేజి ఆకలి తర్వాత అమ్మ కాలి దగ్గరకు వచ్చింది, ఇప్పుడు నా గడప దగ్గర ఉంది.

సుగ్గి పిల్లల సంగతి ఈ సమాధానంతో తీరదు. నేను సూది మానేస్తే ఆ డబ్బు వాళ్లకు చేరదు, అది నిజం. అయితే ఆ నిజం నా సిగ్గును పోగొట్టలేదు, పోగొట్టనక్కరలేదు కూడా. సిగ్గు ఉన్నంత మాత్రాన జబ్బు తెచ్చుకోవాలని లేదు కదా. నా ఒళ్లు చెడితే అమ్మకు కట్టు కట్టేవారు ఉండరు, ఇది కూడా అదే లెక్కలో రాయాలి.

కిందటి వారం కాలికి కట్టు మారుస్తుంటే అమ్మే మళ్లీ ఎత్తింది. "ఆ సూది ఏస్కుంటే నీ కాలు నా కాలు మాదిరి గాకుండా ఉంటాదా?"

"ఖాయంగా చెప్పలేనమ్మా. రాకపోయే అవకాశం ఎక్కువ."

"అయితే ఏస్కో. దుడ్లు ఆ కాలికీ అయినాయి."

వేసుకుందామనే తేల్చుకున్నాను. షరతులు ఒక కాగితం మీద రాసి డాక్టరుగారికి చూపించాను, ఆమె ఒకటి చేర్చారు. చిన్న మోతాదుతో మొదలు. ఆరు నెలలకు బరువు అయిదు శాతమైనా తగ్గకపోతే ఆపడం. వీపులోకి పొడిచే కడుపునొప్పి వస్తే ఆ రోజే ఆసుపత్రికి. అప్పు చేసి మాత్రం కొనకూడదు. కండ పోకుండా వారానికి మూడు రోజులు బరువులెత్తడం, రోజూ పప్పు, గుడ్డు, ఉలవలు. ఆకలి లేకపోయినా వేళకు తినడం. ఈ చివరిది ఆమె చేర్చినది. ఆకలి వేయకున్నా తినమనే మందు చీటీ నా జన్మలో ఇదే మొదటిది.

ఒక్క భయం మిగిలింది. వాడినవారు కొందరు తలలో తిండి రొద ఆగిపోయిందంటున్నారు. ఆ రొదలో నాకు ఇష్టమైనవీ ఉన్నాయి. ఉగ్గాని పోపు వాసనకు బస్సు దిగే ముందే నోరూరడం ఒక సంతోషం. అదీ పోతుందేమో. పోతే పోయిందని కూడా రాస్తాను.

సీసాలు 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉండాలట. మా ఊరి కరెంటును నమ్మలేక ఒక ఐసు డబ్బా కొన్నాను. నీలకంఠేశ్వరస్వామి జాతర అయ్యాక వచ్చే సోమవారం మొదటి సూది. ఓళిగలు తిన్నాకే లెండి. ఆరు నెలల తర్వాత బరువూ చక్కెరా ఎంత వచ్చాయో, పెరిగినా తగ్గినా, ఇక్కడే చెబుతాను.