దల్మా కొండ మీద అర్జునుడు

ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా" అనుకోమని చిన్నప్పుడు మా అమ్మ నేర్పింది. మీలో చాలామందికి కూడా ఎవరో ఒకరు నేర్పే ఉంటారు. మొన్న ఏప్రిల్‌లో దల్మా కొండ మీద, అరవై దాటిన మా బావ నోట ఆ పేర్లు మళ్ళీ విన్నాను.

మా చెల్లెలి కుటుంబం ఉండేది ఆదిత్యపూర్‌లో. ఓ ఆదివారం పొద్దున్నే బావ, అతని పన్నెండేళ్ళ మనవడు, నేను కారులో బయలుదేరాం. ఖర్కాయీ వంతెన దాటి, జంషెడ్‌పూర్ మీదుగా సువర్ణరేఖ కూడా దాటి, రాంచీ రోడ్డు పట్టుకుంటే దల్మా అభయారణ్యం వస్తుంది. ఏనుగులకు పేరున్న అడవి. శిఖరం దాదాపు 3,000 అడుగులు. పైన గుహలో శివాలయం ఉంది. కొండెక్కాక కారు ఒకచోట ఆపి, సాల చెట్ల మధ్య నడక మొదలుపెట్టాం.

పొద్దున మబ్బు తునక లేదు. రెండు దాటాక పడమర నల్లబడింది. "ఇంకాసేపు చూద్దాం, పొద్దుట్నించీ ఎంత బాగుంది" అన్నది నేనే. అరగంటలో గాలి తిరిగింది. ఛోటానాగపూర్ పీఠభూమి మీది వేడిగాలికి బంగాళాఖాతం తేమ తోడైతే పుట్టే వేసవి గాలివాన అది. బెంగాలీలు కాల్ బైశాఖీ అంటారు.

మెరిసింది. లెక్కపెట్టాను. పద్దెనిమిది సెకన్లకు ఉరిమింది. ధ్వని కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది కాబట్టి, ఆరు కిలోమీటర్లు. తరువాతి మెరుపుకి పన్నెండు సెకన్లే. అంటే మన వైపే వస్తోంది.

బావ "అర్జునా, ఫల్గుణా" అంటూ "గుహలోకి పోదాం పద బావా, శివుడే చూసుకుంటాడు" అన్నాడు. గుడి ఐదు నిమిషాలు, కారు పది నిమిషాలు. లోతు లేని గుహ ముఖద్వారం దగ్గర పిడుగు కరెంటు రాతి మీదుగా మనిషిలోకి దూకగలదు. చెట్టు కిందైతే మరీ ప్రమాదం. నేను పిల్లాడి చెయ్యి పట్టుకుని కారు వైపు పరుగు తీశాను. బావ తిట్టుకుంటూ వెనకే వచ్చాడు.

అద్దాలు ఎత్తుకుని కూర్చున్నాం. వడగళ్ళు పడ్డాయి. "టైర్లు రబ్బరువి కదా, భయం లేదు" అన్నాడు బావ. కాపాడేది టైర్లు కాదు, ఇనుప పైకప్పు. కరెంటు దాని బయటివైపు నుంచే నేలకు పోతుంది. చివరి ఉరుము తరువాత మరో అరగంట ఆగి కదిలాం.

దారిలో గుడి నుంచి దిగి వస్తున్న జనం కనిపించారు. తడిసిన బట్టలు, నవ్వు మొహాలు. పిల్లాడు అడిగాడు: "వాళ్ళకేం కాలేదుగా తాతయ్యా, మరి మనమెందుకు పరిగెత్తాం?"

బావ నావైపు చూశాడు. తడుముకోకుండా జవాబు చెప్పలేకపోయాను. వాళ్ళు బతకడం శివుడి మహిమకు రుజువు కాదు. నేను బతకడం నా లెక్కకు కూడా రుజువు కాదు. ఆ పది నిమిషాలు ఆరుబయట పరిగెత్తినప్పుడు మా మీదా పడొచ్చు. ఒక్క రోజు ఓచర్లు చూసి ఏడాది ఖాతా సరిగ్గా ఉందని ఏ ఆడిటరూ సంతకం పెట్టడు. ఏడాది ఖాతా వేరే ఉంది: 2022లో మన దేశంలో పిడుగులకు 2,887 మంది చనిపోయారని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. వాళ్ళలో దేవుణ్ణి తలుచుకున్నవాళ్ళు లేరంటే నేను నమ్మను.

అసలు తప్పు అంతకు ముందే జరిగింది. పడమర నల్లబడినా, పొద్దున బాగుంది కాబట్టి ఇంకా బాగుంటుందనుకున్నాను. ఏ ఆధారమూ లేని నమ్మకం అది. బావ నమ్మకానికి కనీసం ఒక పేరుంది, నాదానికి అదీ లేదు.

ఇదంతా పిల్లాడికి చెప్పాను, నా అరగంట తప్పుతో సహా. ఇంకొకటి కూడా చెప్పాను. ఉరుము వినిపించిందంటే ఆ పిడుగు ఎక్కడో పడిపోయినట్టే. అప్పుడు అర్జునుణ్ణి పిలిచి లాభం లేదు. మెరిసిన క్షణం నుంచి లెక్కపెట్టాలి. ముప్ఫై లోపు ఉరిమితే లోపలికి పోవాలి.

మర్నాడు సాయంత్రం ఆదిత్యపూర్‌లో మళ్ళీ మెరిసింది. వరండాలో పిల్లాడు లెక్క మొదలుపెట్టాడు. పక్కన బావ కూడా పెదవులు కదుపుతున్నాడు. అంకెలో, అర్జునుడో నేను అడగలేదు. ఇరవై దగ్గర ఉరిమింది. ముందుగా లేచి లోపలికి నడిచింది బావే.