బొగ్గు బాయిలో సూపర్ హీరో ఉన్నాడా?



మొన్న మే నెలలో మన మందిరంలో వి.బి.ఎస్. జరిగిన సంగతి మీకు తెలుసు. మూడో రోజు మధ్యాహ్నం రామగుండం ఎండకు పిల్లల్ని బయటికి వదలలేక, తలా ఒక తెల్ల కాగితం, రంగు పెన్సిళ్ళు చేతికిచ్చి, "మీకు నచ్చిన వీరుణ్ణి గీయండి" అన్నాము. మా ఉద్దేశం దావీదు, గిద్యోను, సమ్సోను. ఆ రోజు పాఠం కూడా సమ్సోనే. కాగితాలు తిరిగి వచ్చాక చూస్తే పదకొండు మంది స్పైడర్‌మ్యాన్‌లు, నలుగురు హల్క్‌లు, లెక్కలేనన్ని ఐరన్‌మ్యాన్‌లు. ఒకే ఒక్క సమ్సోను దొరికాడు గాని అతని ఛాతీ మీద కూడా సూపర్‌మ్యాన్‌కు ఉన్నట్టే 'ఎస్' అక్షరం ఉంది. అమ్మగారు నవ్వు ఆపుకోలేకపోయారు.

వెనక చాప మీద కూర్చున్న ఒక బాబు మాత్రం కాగితం ఇవ్వలేదు. ఎనిమిదేళ్ళుంటాయి. తండ్రి బాయిలో పని చేస్తాడు. "అయ్యగారూ, బొగ్గు బాయిల పనిచేసే సూపర్ హీరో ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు. "లేడు బిడ్డా, వాళ్ళంతా అమెరికావాళ్ళు, వాళ్ళకు మన బాయి సంగతి ఏం తెలుసు" అని నవ్వేశాము. వాడు కాసేపు ఆలోచించి వంచిన తల ఎత్తకుండా గీసి ఇచ్చాడు. పన్నెండో స్పైడర్‌మ్యాన్.

మేము చెప్పిన ఆ జవాబు తప్పు. తప్పని తెలిశాక సరిదిద్దకుండా ఉండలేక ఇది రాస్తున్నాము.

మా అన్న కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. చిన్నప్పటి నుంచి బొమ్మల పుస్తకాల పిచ్చి. మాకూ ఒకప్పుడు ఉండేది. మా ఇంట్లో చందమామే గాని, ఎరువుల ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉత్తరాది వాళ్ళ పిల్లల దగ్గర హిందీ కామిక్స్ దొరికేవి. అందరికీ నాగరాజ్ కావాలి. చేతుల్లోంచి పాములు వదిలే వీరుడు కదా! ఆ పుస్తకం చేతికి రావాలంటే వారం ఆగాలి. ఎవరూ అడగకుండా మిగిలేది సూపర్ కమాండో ధ్రువ. అనుపమ్ సిన్హా అనే చిత్రకారుడు 1987లో సృష్టించిన ఈ కుర్రవాడు సర్కస్‌లో పెరిగాడు. ఆ సర్కస్ తగలబడి తల్లిదండ్రులు పోతారు. ఎగరలేడు, గోడలు పాకలేడు. ఉన్నదల్లా సర్కస్‌లో నేర్చుకున్న విద్య, బుర్ర, ఒక మోటారు సైకిలు. హిందీ రాష్ట్రాల్లో అతనికి అభిమానులు బాగానే ఉన్నారు గాని, మా గుంపులో మాత్రం శక్తి లేనివాడు హీరో ఏంటని పక్కన పెట్టేవారు. మిగిలిందే కదా అని మేము చదివాము. ఇప్పటికీ మాకు నాగరాజ్ కథ ఒక్కటి గుర్తు లేదు, ధ్రువవి గుర్తున్నాయి.

వి.బి.ఎస్. ముగిశాక మా అన్న కొడుకు సెలవు మీద వచ్చాడు. ఆ బాబు అడిగిన మాట నవ్వుతూ చెప్పాము. వాడు నవ్వలేదు. "ఉన్నడు చిన్నబాపూ. శామ్ గుత్రీ. ఎవ్వలు పట్టించుకోరు గాని, బాయిలకెల్లే వచ్చిండు" అన్నాడు. రెండు వారాలకు పుస్తకం పంపాడు.

మార్వెల్ కంపెనీ 1982లో 'ది న్యూ మ్యూటెంట్స్' అనే పుస్తకం వేసింది. రాసినవాడు క్రిస్ క్లేర్‌మాంట్, బొమ్మలు బాబ్ మెక్‌లౌడ్. అందులో ఐదుగురు పిల్లలకు పుట్టుకతో వచ్చిన వింత శక్తులు ఉంటాయి. ఆ ఐదుగురిలో ఒకడు శామ్, హీరో పేరు కానన్‌బాల్, అంటే ఫిరంగి గుండు. ఊరు అమెరికాలో కెంటకీ రాష్ట్రం. అది మన గోదావరిఖని లాగానే బొగ్గు నేల. తండ్రి బాయి కార్మికుడు. ఏళ్ళ తరబడి బొగ్గు దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు నల్లబడి చనిపోతాడు. ఇంటికి శామ్ పెద్ద కొడుకు, వెనక చాలామంది తమ్ముళ్ళు చెల్లెళ్ళు. కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పు వచ్చినా వదులుకుని, తండ్రిని మింగిన ఆ బాయిలోకే దిగుతాడు.

ఇక్కడి దాకా చదివి పుస్తకం మూసేశాము. ఎందుకో తర్వాత చెబుతాము.

తండ్రికి వచ్చిన ఆ జబ్బు రచయిత కల్పన కాదు. అక్కడివాళ్ళు దాన్ని 'బ్లాక్ లంగ్' అంటారు, నల్ల ఊపిరి అన్నమాట. కార్మికులు పోరాడిన మీదట 1969లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ఆ జబ్బుకు పరిహారం ఇచ్చింది. మన దగ్గర డాక్టరు రాసే పేరు న్యూమోకోనియోసిస్. ఇంట్లో అనే మాట 'దమ్ము'. "బాపుకు దమ్మొస్తుంది, కిటికీ తియ్" అనే మాట ఈ ప్రాంతంలో వినని ఇల్లు ఎన్ని?

తర్వాత కథలో బాయి కప్పు కూలుతుంది. శామ్‌తో పాటు పెద్ద వయసు కార్మికుడు ఒకాయన లోపల చిక్కుకుంటాడు. గాలి అయిపోతుంది. ఆ భయంలో పిల్లవాడి ఒంట్లో ఉన్న శక్తి మొదటిసారి పేలుతుంది. తారాజువ్వలా వెనక మంట, చెవులు పగిలే మోత. రాయిని చీల్చుకుని ఇద్దరూ బయటపడతారు.

అతని శక్తి తీరు మాకు బాగా నచ్చింది. దూసుకుపోతున్నంతసేపే అతనికి దెబ్బ తగలదు. ఆగాడా, అందరిలాంటి మనిషే. మొదట్లో అయితే మలుపు తిరగడం కూడా రాదు. సూటిగా పోయి గోడకు గుద్దుకుంటాడు, దిగడమంటే పడిపోవడమే. తోటివాళ్ళు నవ్వుతారు. పైగా మొదట పనికి కుదిరింది దుర్మార్గుల దగ్గర. డోనాల్డ్ పియర్స్ అనేవాడు డబ్బు చూపించి తనవైపు తిప్పుకుంటాడు. అతని నిజం తెలిశాక శామ్ ఎదురు తిరుగుతాడు, ప్రొఫెసర్ జేవియర్ క్షమించి చేర్చుకుంటాడు.

ఇంకొక సంగతి ఉంది. శామ్ తన ఊరి యాసలోనే మాట్లాడతాడు. 'నేను' అనడానికి అందరిలా 'ఐ' అనకుండా 'ఆ' అంటాడు. క్లేర్‌మాంట్ దాన్ని అలాగే అచ్చు వేయించాడు. మన సినిమాల్లో చాలా కాలం మన భాష రౌడీకో, నవ్వించేవాడికో తప్ప దక్కలేదు. వేదాంత పాఠశాలలో మేము "వచ్చిండు, పోయిండు" అంటే తోటి విద్యార్థులు నవ్వేవారు. మూడేళ్ళలో మార్చుకున్నాము. ఇప్పటికీ పులుపిటు ఎక్కితే మా నోట మా ఊరి మాట రాదు. మీరు గమనించే ఉంటారు, పెద్దమనసుతో ఊరుకున్నారు. ఫిరంగి గుండు మార్చుకోలేదు.

అదే గుంపులో రేన్ సింక్లేర్ అనే స్కాట్లాండ్ అమ్మాయి ఉంది. తోడేలుగా మారగలదు. ఆమెను పెంచింది రెవరెండ్ క్రెయిగ్ అనే పాస్టరు. ఆ పిల్లలో దయ్యముందని భయపెట్టి పెంచి, చివరికి జనాన్ని ఉసిగొల్పి తరిమిస్తాడు. అంత హింసపడ్డా ఆ పిల్ల ప్రార్థన మానదు. కథలో మా పనివాడే విలన్. చదువుతుంటే కోపం వచ్చింది, ఆ తర్వాత ఎవరి మీద కోపమో తేల్చుకోలేకపోయాము. పిల్లలకు నరకం గురించి మేము చెప్పిన పాఠాలు కొన్ని గుర్తుకొచ్చాయి. ఆమె కన్నా ముందు, 1975లో వచ్చిన నైట్‌క్రాలర్ కూడా అలాంటివాడే. నీలం ఒళ్ళు, తోక, చేతికి మూడే వేళ్ళు. చూడటానికి సాతాను బొమ్మలా ఉంటాడు, ఆ ఎక్స్‌మెన్ అందరిలోనూ దైవభక్తి గలవాడు అతనే. వీళ్ళెవరూ మన పిల్లల కాగితాల మీదికి రారు. వుల్వరిన్ ఒక్కడు వస్తాడు.

2020లో ఈ న్యూ మ్యూటెంట్స్ సినిమాగా వచ్చింది. కరోనా ఏడాది, హాళ్ళకు వెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు, వచ్చినట్టు కూడా చాలామందికి తెలియదు. మా అన్న కొడుకు ఫోనులో చూపించాడు. మాకు నచ్చలేదు. సినిమాలో శామ్ శక్తి వల్లే బాయి కూలి తండ్రి, తోటి కార్మికులు చనిపోయినట్టు మార్చారు. భయపెట్టే సినిమా కాబట్టి అతనికొక పాపభారం కావాల్సి వచ్చింది కాబోలు. పుస్తకంలో శామ్ పక్కవాణ్ణి బయటికి తెచ్చినవాడు. దాన్ని తీసేస్తే అతని దగ్గర మోత తప్ప ఏం మిగిలింది?

గుంటలోంచి మనిషిని తీసినవాడు మన గ్రంథంలోనూ ఒకడున్నాడు. సండే స్కూల్లో సమ్సోనుకు నాలుగు ఆదివారాలు ఇస్తాము, అతనికి ఒక్కటి కూడా ఇవ్వలేదు. కూషీయుడైన ఎబెద్మెలెకు. యిర్మీయాను బురద గోతిలో దించి వదిలేస్తే, రాజును అడిగి ముప్పై మందిని తీసుకుపోయి, తాళ్ళతో పైకి లాగించాడు. తాళ్ళు చంకల్లో కోసుకుపోకుండా పాత బట్టలు వెతికి తెచ్చి ముందు వాటిని దించాడు. ఆ పాతబట్టల ఆలోచన బాయిలో పనిచేసినవాడికి వస్తుంది, వీరులకు రాదు.

ఇక పుస్తకం ఎందుకు మూసేశామో చెప్పాలి.

మా బాపు కోల్ ఫిల్లర్. తట్ట, చెమ్మస్ పట్టి టబ్బులు నింపినవాడు. 1990ల చివర దమ్ము ఎక్కువై మెడికల్ అన్‌ఫిట్ అయ్యాడు. ఆ ఉద్యోగం ఇంట్లో ఒక కొడుక్కి వస్తుంది. అప్పటికి అన్నకు పాలిటెక్నిక్ సీటు వచ్చి ఉంది. మాకు దేవుని పిలుపు ఉందని మేము అప్పటికే అందరికీ చెప్పేశాము. ఇంట్లో పెద్ద చర్చ ఏమీ జరగలేదు. ఒక రాత్రి అన్నం తింటూ అన్న "నేను బాయికి పోతనే అవ్వా" అన్నాడు. అవ్వ ఇంకో ముద్ద కూర వేసింది. అంతే. పాలిటెక్నిక్ కాగితం ఏమైందో మేము ఎన్నడూ అడగలేదు. మా వేదాంత పాఠశాల ఫీజు, పుస్తకాలు, బస్సు ఛార్జీలు, మొదటి తెల్ల అంగీ అన్నీ ఆ జీతంలోవే.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. అన్నది వేరే గని. మేము అప్పుడు ఊళ్ళో లేము, చదువులో ఉన్నాము. ఎస్.టీ.డీ. బూతు నుంచి పక్కింటికి ఫోను చేస్తే అవ్వ వచ్చి, "అన్న మంచిగనే ఉన్నడు, షిఫ్టు దిగినంక ఆ బాయి కాడికే పోయి నిలబడ్తుండు, ఇంటికి వస్తలేడు" అంది. మేము ప్రార్థన చేస్తామని చెప్పి పెట్టేశాము. చేశాము కూడా. అదే ఏడు అక్టోబరులో 8ఏ ఇంక్లైన్‌లో కప్పు కూలి మరో 10 మంది పోయారు. ఆ మర్నాడు కూడా అన్న మస్టర్ పడి లోపలికి దిగాడు. అన్నది టింబర్‌మన్ పని. తాను కప్పుకు సపోర్టు పెట్టాకే ఆ కింద మిగతావాళ్ళు పని చేస్తారు.

మన ఊళ్ళో మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. ప్రమాదమైతే అందరూ బయటికి వస్తుంటే, వీపున ఆక్సిజన్ పరికరం కట్టుకుని లోపలికి నడిచేవాళ్ళు అక్కడ ఉంటారు. కామిక్ పుస్తకాల్లోలా వాళ్ళకూ ఒక వేషం ఉంది. ఆ దారిన రోజూ పోతూ మేము ఎన్నడూ ఆగి చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రసంగాల్లో విదేశీ మిషనరీల త్యాగాలు ఎన్నో చెప్పాము. అన్న మాట ఒక్కసారీ చెప్పలేదు. అన్న మూడో వరుసలో కూర్చునే ఉంటాడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చిన ఆదివారం కాస్త కునుకు తీస్తాడు. ఒకసారి ఆ కునుకు మీద పులుపిటు నుంచి జోకు కూడా వేశాము. సంఘమంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

పుస్తకం వచ్చిన తర్వాతి ఆదివారం ఆ బాబును పిలిచి, "నేను తప్పు చెప్పిన, ఉన్నడు" అని బొమ్మలు చూపించాము. వాడు చాలాసేపు చూశాడు. "ఎగిరేటప్పుడు టోపీ లైటు వేసుకుంటడా?" అని అడిగాడు. లేదన్నాము. "మరి లోపల ఎట్ల కనబడ్తది?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వాడే ఇంటికి పోయి గీసుకొచ్చాడు, లైటుతో సహా.

ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుని అన్న క్వార్టర్‌కు వెళ్ళాము. ఈ మాటలన్నీ చెప్పాలనుకుని వెళ్ళాము గాని ఒక్కటీ చెప్పలేకపోయాము. కప్పు కూలే పేజీ తెరిచి చేతిలో పెట్టాము. అన్నకు ఇంగ్లీషు అంతగా రాదు, బొమ్మలు చూశాడు. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు.

"కప్పుకు సరైన సపోర్టే లేదేందిరా? కూలక ఏమైతది?"

"అది బొమ్మనే అన్నా."

"బొమ్మైతే మాత్రం?" అని పేజీ తిప్పాడు. పిల్లవాడు మంటలు చిమ్ముతూ దూసుకుపోవడం చూశాడు. ముఖంలో ఏ ఆశ్చర్యమూ లేదు. వెనక్కి తిప్పి రాళ్ళ మధ్యనున్న పెద్దాయన మీద వేలు పెట్టాడు.

"మరి గీ ముసలాయన?"

"ఆయన గూడ బయట పడ్డడే. ఈ పిల్లగాడే తీస్కచ్చిండు."

"అట్ల చెప్పు" అని పుస్తకం మూసి టీవీ మీద పెట్టాడు. రాత్రి షిఫ్టుకు టైమైంది. వదిన టిఫిన్ డబ్బా తెచ్చింది. గడప దగ్గర కూర్చుని బూట్లు వేసుకుంటూ, "నువ్వు తినే పో" అన్నాడు.