కదలని ఓడ, ఎగరని విమానం

కార్న్‌వాల్‌కి అందరూ బీచ్‌ల కోసం వెళ్తారు. నేను మా బాబాయి మాట మీద వెళ్లాను. హెల్స్టన్‌లో లిజార్డ్ బస్సెక్కితే కాసేపటికి ఎడమపక్క పొడుగాటి కంచె వస్తుంది. అదే కల్‌డ్రోస్, బ్రిటిష్ నేవీ వైమానిక స్థావరం. రోడ్డు మీంచి పెద్దగా ఏమీ కనబడదు, హెలికాప్టర్ల మోత తప్ప.

లోపల మాత్రం ఓ కాంక్రీటు ‘ఓడ’ ఉంది. డమ్మీ డెక్ అంటారు. విమానవాహక నౌక మీద పనిచేయబోయే కుర్రాళ్లు ముందు ఇక్కడ చేయి తిప్పుకోవాలి. విమానాన్ని ట్రాక్టర్‌తో ఇరుకులో తిప్పడం, చక్రాలకి అడ్డు పెట్టడం, గొలుసులతో డెక్‌కి కట్టేయడం, మంటలార్పడం. డెక్ మీద పైలట్‌కి పసుపు జాకెట్ వాడి చేతి సైగలే దిక్కు.

చాలా ఏళ్లు 2006లో రిటైరైన సీ హారియర్లతోనే నేర్పారు. అవి ఎగరవు గానీ ఇంజిన్ తిరిగేది. ఆ వేడిగాలీ, చెవులు చిల్లులుపడే చప్పుడూ నిజమైనవే. ఎఫ్-35బి వచ్చాక దాని సైజులోనే నమూనాలు తెచ్చారు. అసలుదాన్ని కొత్తవాడి చేతికిచ్చి గుద్దించుకుంటారా? మాకు టెస్ట్ సర్వర్ ఉన్నదీ అందుకే. (నేనోసారి టెస్ట్ అనుకుని అసలు డేటాబేస్‌లోనే టేబుల్ చెరిపేశాను. ఆ రాత్రి సంగతి వద్దులెండి.)

2010 డిసెంబరులో హారియర్లు ఆపేశారు. 2018 సెప్టెంబరులో క్వీన్ ఎలిజబెత్ మీద ఎఫ్-35 దిగేదాకా బ్రిటన్‌కి జెట్లు ఎగిరే సొంత నౌకే లేదు. కొందరిని అమెరికా నౌకల మీదికి పంపారు. మిగతావాళ్లు పని మర్చిపోకుండా కాపాడింది ఈ కాంక్రీటే అనుకుంటాను.

బాబాయి విరాట్ డెక్ మీద చేశాడు. అది ఒకప్పటి బ్రిటిష్ నౌక హెర్మిస్సే. 2017లో దానికి సెలవిచ్చి, తర్వాత అలంగ్‌లో ముక్కలు చేశారు. బస్టాప్ నుంచే విశాఖకి వీడియో కాల్ చేశాను.

“హారియర్ కనబడిందారా?”

“లేదు బాబాయ్, కంచే కనబడింది.”

కాసేపు మాట్లాడలేదు. “అయినా కాంక్రీటు ఊగదు కదరా. రాత్రిపూట వానలో, తడి డెక్ వాలినప్పుడు తెలుస్తుంది పని” అన్నాడు. ఫోను బల్లకి ఆనించి, లేచి, రెండు చేతులూ పైకెత్తాడు. ముందుకి రా. ఇంకొంచెం. ఆగు. డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డా ఆ చేతులు వణకలేదు.

“ఫ్యాను తగుల్తుందండీ, కూర్చోండి” అని వెనకనుంచి పిన్ని కేకేసింది.