మూడంగుళాలు కిందికి

1998లో వైటూకే కంప్యూటర్ పనుల కోసం కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు నాతో వచ్చిన తెలుగువాళ్ళు సన్నీవేల్‌లో అపార్ట్‌మెంట్లు తీసుకున్నారు. అద్దె తక్కువని నేను తూర్పు శాన్ హోసేలో, స్టోరీ రోడ్డూ కింగ్ రోడ్డూ కలిసే కూడలికి దగ్గర్లో, ఒక ఇంటి వెనక గదిలో దిగాను. నేలకు ఆనుతాయా అన్నంత కిందికి దించిన కార్లు మనిషి నడిచే వేగంతో వరసగా సాగడానికి పేరుబడ్డ కూడలి అది. అలాంటి బండ్ల కోసం నడిచే లోరైడర్ పత్రిక 1977లో పుట్టింది ఆ ఊళ్ళోనే. అలా తిరగడాన్ని 1986 నుంచి నగరం నిషేధించింది. అయినా ఆదివారం సాయంత్రాలు ఒకటీ రెండూ బండ్లు మా వీధిలోంచి నెమ్మదిగా పోతూనే ఉండేవి.

ఇంటాయన టైల్స్ వేసేవాడు. మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. వాళ్ళమ్మగారు డెల్ మాంటే క్యానరీలో పళ్ళను డబ్బాలకెత్తే పనిలో ఎన్నో ఏళ్ళు గడిపారు. ఆయన పనికి వాడే బండి 1991 నిస్సాన్ హార్డ్‌బాడీ, చిన్న పికప్. దాన్ని దించాలనుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) షాపుందని తెలిసి, "అయితే రా అమీగో, పానా పట్టు" అన్నాడు.

ఆటోనగర్‌లో నేను చూసిందంతా బండిని ఎత్తడమే. ఓవర్‌లోడు వేసే లారీకి కట్టలో ఇంకో ప్లేటు కలిపేవారు. ఇక్కడ పని తలకిందులు. వెనక రెండు ప్లేట్లు తీసేస్తే ఖర్చు లేకుండా దిగుతుంది కదా అన్నాడు ఆయన తమ్ముడు. ఇద్దరం ఒక్కసారే వద్దన్నాం. ప్లేటు తీస్తే ఎత్తుతో పాటు మోసే బలమూ పోతుంది. సోమవారం ఆ బండే మళ్ళీ టైల్స్ పెట్టెలు మొయ్యాలి. ఆ బండికి ఇరుసు కమాన్ల పైన కూర్చుంటుంది కాబట్టి, మధ్యలో మూడంగుళాల ఉక్కు దిమ్మ పెడితే ఇరుసు పైకి పోయి బండి అంత మేరా కిందికి వస్తుంది. సెంటర్ బోల్టు తల దిమ్మ గుంటలో సరిగ్గా కూర్చోవాలి, యూ బోల్టులు కొత్తవీ పొడవైనవీ వెయ్యాలి. దిమ్మలూ బోల్టులూ కలిపి వంద డాలర్లలోపే అయ్యాయి.

ముందు వైపు పైసా ఖర్చు కాలేదు. ఆ బండికి ముందు కాయిల్ స్ప్రింగులుండవు. ఛాసిస్ వెంట పొడవుగా టార్షన్ బార్లుంటాయి, మెలితిరుగుతూ బరువు మోసే ఉక్కు కడ్డీలు. వాటి వెనక కొసనున్న బోల్టును వదులు చేస్తే చాలు. ఆయన చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకు టేపు పట్టి, ఎడమవైపు కాస్త, కుడివైపు కాస్త తిప్పుతూ పోయాడు. తిప్పిన ప్రతిసారీ జాకీ దించి, బండిని ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు మళ్ళీ కొలిచేవాడు. తొయ్యకపోతే టైర్లు నేలను కరచుకుని ఉండి కొలత తప్పు వస్తుంది. రెండంగుళాల దగ్గర ఆపాడు. అంతకు మించితే బండి రబ్బరు స్టాపర్ల మీద కూర్చుంటుంది, ఇక ప్రతి గుంతా నడుముకే.

ఆ వీధిలో ఇంకో పద్ధతీ నడిచేది. కాయిల్ స్ప్రింగులున్న బండ్లకు గ్యాస్ మంట పెట్టి, స్ప్రింగు ఎర్రబడి కుంగేదాకా కాల్చడం. కాల్చిన ఉక్కుకు పదును పోతుంది. కాల్చిన ప్లేటుకు మళ్ళీ పదును పెట్టందే మా నాన్న కట్టలో వెయ్యనిచ్చేవారు కాదు. డబ్బు లేదన్నది దీనికి సమాధానం కాదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అలాంటి బండ్లలో పిల్లలు కూర్చుంటారు.

చక్రాలు పాత బండ్ల యార్డులో దొరికాయి. పాత్‌ఫైండర్‌వి, అవే ఆరు బోల్టులు, 15 అంగుళాలు. పాత టైరు 195/75 ఆర్14, కొత్తది 215/60 ఆర్15. కాగితం మీద లెక్క వేస్తే మొత్తం వ్యాసంలో తేడా సెంటీమీటరు కూడా రాలేదు, స్పీడోమీటరును కదిలించక్కర్లేకపోయింది.

తరవాత ఆయన చేసిన పని నాకు అన్నిటికన్నా నచ్చింది. ముందు చక్రం రిమ్ము అడుగు నుంచి వెనక రిమ్ము అడుగుకు దారం లాగి కట్టాడు. బండిలో ఏ భాగమూ రిమ్ము అడుగుకన్నా కిందికి దిగకూడదని అప్పటి కాలిఫోర్నియా చట్టం. సైలెన్సరు పైనే ఉంది. యూ బోల్టుల కొసలు మాత్రం దారానికి దగ్గరగా వచ్చాయి. నట్టు దాటి మిగిలిన మరను కోసి నునుపు చేశాడు. పోలీసు ఆపితే చూపించడానికి దారం జేబులో పెట్టుకున్నాడు.

వెనక ఎక్కువ దిగడంతో ముక్కు కాస్త లేచింది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడకుండా గోడ మీద గీత గీసి కిందికి దించాం. బండి కిందికి దిగితే ముందు చక్రాలు పైన లోపలికి వాలతాయి. అలా వదిలేస్తే టైరు లోపలి అంచు అరిగిపోతుంది. అందుకని అలైన్‌మెంటుకు మాత్రం బేరమాడకుండా డబ్బిచ్చాడు.

ఆదివారం మొదట వాళ్ళమ్మగారిని ఎక్కించుకున్నాడు. మోకాళ్ళ నొప్పుల వల్ల అంతకుముందు ఆ బండెక్కడానికి ఆవిడకు మనిషి సాయం కావాల్సి వచ్చేది. ఆ రోజు తానే తలుపు తీసుకుని కూర్చున్నారు. కింగ్ రోడ్డు మీద బస్టాపులో నిలబడ్డ ముసలాయన టోపీ తీసి ఆవిడకు పెట్టిన దండం చూశాక, ఈ దించడమంతా ఎవరి కోసమో నాకింక ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

2022లో శాన్ హోసే కార్లు వరసగా నెమ్మదిగా తిరగడం మీదున్న నిషేధాన్ని ఎత్తేసింది. 2024 జనవరి 1 నుంచి రిమ్ము చట్టమూ పోయింది, రాష్ట్రంలో ఏ ఊరూ అలా తిరగడాన్ని నిషేధించకూడదు. హైదరాబాదు నుంచి ఇంటాయనకు ఫోను చేసి, ఇంకో రెండంగుళాలు దించుతున్నారా అని అడిగాను. కొడుకు అడుగుతున్నాడట. ఇరుసు పైన ఛాసిస్ కోసి సి-నాచ్ వెల్డింగు చెయ్యందే అంత దిగడానికి చోటుండదు. "వాడు డబ్బు కూడబెడుతున్నాడు, నేను వెల్డర్ని వెతుకుతున్నాను. పనివాడు దొరికేదాకా బండిని ముట్టుకోనివ్వను" అన్నాడు.