కూరకి పనికిరాని చేపకి మూడడుగుల తొట్టి

మా వరండాలో కొత్త గాజు తొట్టి చూసినోళ్లందరూ ఒకటే అడుగుతా ఉండారు, "ఏందన్నా, రొయ్యల గుంట ఇంట్లోకే తెచ్చినావా" అని. ఒక్కొక్కరికీ చెప్పేకంటే ఇక్కడ రాస్తే మేలనిపించింది. చేపలు కావాలని పిల్లలు మారాం చేసే ఇళ్లు మన బుచ్చిరెడ్డిపాలెం చుట్టుపక్కల కూడా చానా ఉండాయి కదా.

అందులో ఉండేది ఒకటే చేప. పఫర్ అంటారు. బెదిరితే నీళ్లు మింగి బంతిలాగా ఉబ్బుద్ది. మా కూతురు వాళ్లు బెంగళూరు పోతా, అద్దె ఇంట్లో కుదరదని నాకు అప్పజెప్పి పోయినారు. మనవరాలు దానికి బుంగి అని పేరు పెట్టింది. సాయంత్రం అయ్యేసరికి వీడియో కాల్‌లో బుంగిని చూపించాల్సిందే, తాతని చూడకపోయినా ఫర్వాలేదు.

కొన్న కొట్లో ఏం చెప్పినారంటే, మంచినీళ్లలోనే బతుకుద్ది, ఇంతకంటే పెరగదు అని. రెండూ తప్పే. ఇది పచ్చ చుక్కల పఫర్. ఏరు సముద్రంలో కలిసేచోట ఉప్పుతేలిన నీళ్లలో ఉండే జాతి. కొనేటప్పుడు అంగుళం ఉంటది, సరిగ్గా సాకితే ఆరంగుళాల దాకా పోద్ది. జీవితమంతా మంచినీళ్లలో ఉండే చిన్న పఫర్ వేరే ఉండాది, కేరళ నదుల్లోది, అంగుళమున్నరకి మించదు. కొనేముందు ఏ జాతో గట్టిగా అడగండి.

ఇక తొట్టి సంగతి. పాతది అడుగున్నర పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఘనపుటడుగుకి 28 లీటర్ల లెక్కన నలభై రెండు లీటర్లు. మూడంగుళాల చేపకి అది చాలదా అని మా వాళ్లే అన్నారు. చూడాల్సింది చేప సైజు కాదు, అది చేసే మురికి. ఇది మాంసం తినే చేప, తినేటప్పుడు సగం చిందరవందర చేస్తది. ఆ కుళ్లు అమ్మోనియా అవుద్ది. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఫిల్టర్‌లో పెరగాల. మన మళ్లో చల్లిన యూరియా మట్టిలో మారేదీ ఇదే దారిన. నీళ్లు తక్కువైతే ఆ విషం చిక్కబడుద్ది. రొయ్యలు సాకేవాళ్లకి ఇది నేను చెప్పేదేం లేదు, అమ్మోనియా చూసే కిట్టు వాళ్ల దగ్గరే ఉంటది. నేనూ మా బావమరిది కిట్టే వాడతా.

అందుకని మూడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు చేయించినా. లెక్కకి 190 లీటర్లు, ఇసక పోసి పైన కాస్త వెలితి ఉంచితే 170. ఎత్తుగా ఉండేది చూడ్డానికి బాగుంటది గానీ కొనొద్దు. గాలి తగిలేది నీటి పైభాగానికే కాబట్టి వెడల్పే ముఖ్యం. ఇంకోటి, బరువు. అద్దం, ఇసక, నీళ్లు కలిపి 250 కిలోలు, అంటే మన 850 కిలోల పుట్టిలో పావుకి పైనే. మామూలు బల్ల మీద పెడితే ఒకరోజు రాత్రి ఇల్లంతా నీళ్లే. ఇనప స్టాండు చేయించి, మట్టం చూసి, కింద థర్మోకోల్ షీటు పరిచినా.

కొత్త తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపని వెయ్యకూడదు. సూక్ష్మజీవులు నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుద్ది. పాత ఫిల్టర్ స్పాంజీని కొత్తదాంట్లో పెడితే తొందరగా కుదురుద్ది. మార్చేటప్పుడు వలతో ఎత్తకండి. నీళ్లు మింగాల్సింది గాలి మింగుద్ది, మళ్లీ బయటికి వదలడం దానికి కష్టం. నీళ్లతో సహా డబ్బాలోకి తీసుకోవాల.

ఉప్పు దగ్గర మా ఇంట్లో పెద్ద వాదనే అయింది. "ఇస్కపల్లి కల్లుప్పు బస్తా ఇంట్లో ఉంటే కొనడమేంది" అంటది మా ఆవిడ. కల్లీల్లో ఉప్పు తీసేటప్పుడు చేదునీళ్లు పారబోస్తారు, మెగ్నీషియం దాంట్లోనే పోద్ది. మిగిలేది చాలావరకు ఒట్టి ఉప్పే. చేపకి సముద్రంలో ఉండేవన్నీ కావాల, అందుకని అక్వేరియంవాళ్లు అమ్మే సముద్రపు ఉప్పే తెచ్చినా. లీటరుకి పది గ్రాములు, మొత్తం కిలో ఏడొందలు. ఒకేసారి కాదు, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచినా. వారానికి యాభై లీటర్లు మార్చేటప్పుడు అరకిలో కలుపుతా. ఎండకి నీళ్లు ఇగిరిపోతే మాత్రం మంచినీళ్లే పోయాల, ఉప్పు యాడికీ పోదు. బావమరిది చెరువు నీళ్లు పట్టకపోమన్నాడు గానీ, మందులు పడిన నీళ్లని ఒద్దన్నా. దీనికి పొలుసు ఉండదు, మందులకి తట్టుకోలేదు, రాగి కలిసిన మందైతే మరీనూ.

తిండి ఇంకో కథ. దీని పళ్లు నాలుగు పలకలు, ఎలక పళ్ల మాదిరి పెరగతానే ఉంటయి. గట్టి పెంకు కొరికితేనే అరుగుతయి, లేకపోతే నోరు మూసుకుపోయి ఆకలితో చస్తది. దానికి చిన్న నత్తలు కావాల. మన మళ్లల్లో నత్తలకేం కొదవ అంటారు. గుళికలు చల్లిన మడిలో నత్త తెచ్చి వేస్తే చేప ఏమైపోద్దో మీకే తెలుసు. పెరట్లో సిమెంటు తొట్టిలో నత్తలు పెంచతా ఉండా. మధ్యమధ్యలో పెంకుతోనే పచ్చి రొయ్య. ఇంకో చేపని మాత్రం తోడు వెయ్యొద్దు, తోకలు కొరికేస్తది.

"ఇన్ని తిప్పలెందుకు, కనిగిరి చెరువులో వదిలెయ్" అన్నారు కొందరు. ఉప్పునీటి చేప అక్కడ బతకదు. బతికే జాతైతే ఇంకా చేటు. అక్వేరియంల నుంచి వదిలిన సక్కర్ చేప ఇప్పుడు మన రాష్ట్రం కాలవల్లో వలలు చించతా ఉండాది.

ఒకాయనైతే నవ్వతా, పెద్దదైనాక కూరొండుకో అన్నాడు. తమాషాకి కూడా ఆ మాట ఒద్దు. పఫర్ కాలేయం, గుడ్లలో ఉండే విషం ఉడికించినా పోదు, దానికి విరుగుడు మందు లేదు. జపాన్‌లో లైసెన్సు ఉన్న వంటవాళ్లే ఈ జాతి చేపల్ని కోస్తారు, కాలేయం అమ్మడం అక్కడ నిషేధం. సముద్రం పక్క నుంచి కలగలుపు చేపలు తెచ్చుకునేవాళ్లు ఉబ్బిన పొట్ట, చిలక ముక్కు లాంటి పళ్లు కనిపిస్తే పక్కన పడేయండి. పిల్లికి కూడా వెయ్యొద్దు.

బుంగి ఇప్పుడు పెద్ద తొట్టిలో ఆ చివర నుంచి ఈ చివరికి తిరగతా ఉండాది. నేను మడి కాడ నుంచి రాగానే అద్దం దగ్గరికి వస్తది, ఒక కన్ను నా మీద, ఇంకో కన్ను నత్తల డబ్బా మీద. "నీకంటే అదే నయం, పిలిస్తే పలకతాది" అంటది మా ఆవిడ.

పెరట్లో నత్తలు ఇంకా పెద్దగా కాలేదు, ఈ నెలకి చాలేటట్టు లేవు. మందు చల్లని గుంట ఎవరికైనా ఉంటే, బఠాణీ గింజంత నత్తలు ఒక చెంబుడు పక్కన పెట్టి ఫోన్ చేయండి, నేనే వచ్చి తీసుకుపోతా.