సింహాచలమున పెండ్లికూతురి పాదములు

1933లో రేవు తెఱవబడిన పిమ్మట విశాఖపట్టణ మెంత పెరిగినను, పెండ్లి యనగానే పలువురు నేటికిని సింహాచలమునకే పోవుదురు. మేమును మొన్న వైశాఖమున నొక వివాహమునకు పోయితిమి. కొండపైకి బస్సు కలదు. మ్రొక్కుకొన్నవారు మాత్రము అడివివరమునుండి ఇంచుమించు వేయి మెట్లు పాదరక్షలు లేక యెక్కుదురు. ఎండకు రాయి కాలును గనుక తెల్లవాఱకమునుపే బయలుదేరుట మేలు.

ఆ వధువు పారాణి పెట్టగానే కన్నీరు పెట్టుకొనెను. పసుపులో సున్నము కలిపినగాని ఎఱుపు రాదు. ఆ సున్నమే మడమల పగుళ్లను మండించును. పదిదినములు ముందుగా రాత్రివేళ నువ్వులనూనె రాచుకొన్నచో నింత బాధ యుండదు గదా!

సోదరీమణులారా, మట్టెల కొలత సాయంకాలమున నిండు. ఉక్కలో నిలిచిన పాదము ఉబ్బును. ఉదయపు కొలతకు చేయించిన మట్టె, సన్నెకల్లుపై వరుడు తొడుగునప్పుడు వ్రేలిని నొక్కును. మగపెండ్లివారికి కొలత పంపుటకు సిగ్గేల?