ఎర్రరాతి గండిలో కాలిబాట

స్పెయిన్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఎద్దులతో పోట్లాట, టమాటాలు విసురుకునే పండగ, ఫుట్‌బాల్... అంతేనా? నాకూ అంతే తెలుసు. మా అమ్మాయి మాడ్రిడ్‌లో కాపురం పెట్టి నాలుగేళ్ళయింది. పోయిన అక్టోబరులో వెళ్ళినప్పుడు, "అమ్మా, ఈసారి నిన్ను అడవి దారుల్లో నడిపిస్తాను" అంది. "నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా తల్లీ" అని తప్పించుకోబోయాను. "మరి తిరుపతి మెట్లు ఎలా ఎక్కావు?" అని నా నోరు మూయించింది.

అలా చూశాను ఆల్తో తాహోని. ఆ పేరుకి తాహో నది ఎగువ ప్రాంతం అని అర్థం. గ్వాదలహారా జిల్లాలో ఉంది. మాడ్రిడ్ నుంచి ఈశాన్యంగా దాదాపు 200 కిలోమీటర్లు, కారులో రెండు గంటల పైమాటే. దారి పొడుగునా కోతలైపోయిన మెట్ట పొలాలు, సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున చాప పరిచినట్టు చదునైన నేల. "కొండలన్నారు, ఏవీ?" అన్నాను. "ఇక్కడ కొండలు పైకి లేవవు అత్తయ్యా, కిందికి దిగుతాయి" అన్నాడు మా అల్లుడు నవ్వుతూ.

నిజమే! చదునుగా ఉన్న ఆ నేల ఒక్కసారిగా కాళ్ళ ముందు చీలిపోయి, లోపల ఎక్కడో నది మెరుస్తుంది. మీలో గండికోట చూసినవాళ్ళుంటే వెంటనే పోల్చుకుంటారు. అక్కడ పెన్నలాగే ఇక్కడ తాహో, దాని ఉపనదులూ లక్షల ఏళ్ళుగా రాతిని కోసుకుంటూ పోయాయి. ఈ ప్రాంతాన్ని 2000లో ప్రకృతి ఉద్యానవనంగా ప్రకటించారు. దీన్నీ చుట్టుపక్కల నేలనీ కలిపి యునెస్కో జియోపార్కుగా గుర్తించింది.

మెడలోని ముత్యాలూ, ఆ ఊరూ

ఇక్కడి పెద్ద ఊరు మొలీనా దె ఆరగోన్. పెద్ద ఊరంటే మన చిన్న టౌనంత కూడా ఉండదు. ఊరి పైన ఎర్రటి కోట, కింద గాయో అనే నది. గాయో అంటే కోడిపుంజు! చలికి పేరు మోసిన ఊరిది. 1952 జనవరిలో ఇక్కడ సున్నాకు దిగువన 28 డిగ్రీలు నమోదైంది.

మీ మెడలో ముత్యాల దండ ఉందా? ముత్యానికి ఆ నిగారింపునిచ్చే పదార్థం పేరు ఆరగొనైట్. ఆ పేరు ఈ ఊరి నుంచి వచ్చిందే. ఇక్కడి నేలలో దొరికే ఆరు పలకల రాళ్ళను చూసి శాస్త్రజ్ఞులు అలా పిలిచారు. అది తెలిశాక నా దండని ఒకసారి తడిమి చూసుకున్నాను.

మరియా దె మొలీనా అనే రాణి ఈ సీమకు ఏలిక. భర్త పోయాక చిన్నవాడైన కొడుకు తరపున, ఆ కొడుకూ పోయాక పసివాడైన మనవడి తరపున కాస్తీల్ రాజ్యభారం మోసింది. 1321లో కన్నుమూసింది. కొడుకునీ మనవడినీ పెంచి పెద్ద చేయడమే కష్టమంటాం మనం, ఆవిడ వాళ్ళతోబాటు రాజ్యాన్ని కూడా నిలబెట్టింది.

రంగులు చెప్పే దారి

మేం మొదట నడిచింది బర్రాంకో దె లా ఓస్ అనే గండిలో. మొలీనాకు దగ్గరే. రెండువైపులా గోడల్లా ఎర్రరాళ్ళు, అడుగున గాయో నది, బండ కింద ఒదిగి మేరీమాత గుడి. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఇక్కడ వెలుగులో అమ్మవారి విగ్రహం కనిపించిందని కథ చెబుతారు. మన స్థలపురాణాల్లాగే లేదూ? గుడి వెనక నుంచి మెట్లు పైకి వెళతాయి. మా అల్లుడు పిల్లవాణ్ణి వీపుకి సంచిలో కట్టుకుని ఎక్కుతున్నాడు. నేను పది మెట్లకోసారి ఆగి, దృశ్యం చూస్తున్నట్టు నటించాను. మూడోసారి ఆగేసరికి నటన అక్కర్లేకపోయింది. తలపైన రాబందులు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. పైన్ చెట్ల జిగురు వాసన మన గుగ్గిలం పొగని గుర్తుచేసింది. ఆ జిగురు సేకరించి బతికినవాళ్ళు ఈ అడవుల్లో చాలామంది ఉండేవారట.

దారి తప్పుతామన్న భయం అక్కర్లేదు. రాళ్ళ మీద, చెట్ల మీద రంగు గీతలుంటాయి. తెలుపు–ఎరుపు గీతలుంటే 50 కిలోమీటర్లు దాటిన పెద్ద దారి. తెలుపు–పసుపు అయితే 10 నుంచి 50 లోపు. తెలుపు–ఆకుపచ్చ అయితే 10 కిలోమీటర్ల లోపు, అంటే మనలాంటివాళ్ళకు. రెండు గీతలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నట్టు ఉంటే అటు వెళ్ళకూడదని అర్థం. తాహో పుట్టిన చోటు నుంచి పోర్చుగల్ సరిహద్దు దాకా వెళ్ళే పెద్ద దారి కూడా ఇక్కడి గండ్ల మీదుగానే పోతుంది.

ఈ దారులు ఎవరు వేశారు?

ఈ దారులు మనకోసం, విహారం కోసం వేసినవి కావు. గొర్రెల కాపరులూ కంచరగాడిదలూ తిరిగి తిరిగి పడ్డ బాటలివి. గాంచేరోలనే పనివాళ్ళ బాటలు కూడా. పైన నరికిన పైన్ దుంగల్ని నదిలో వదిలి, కొక్కెం తొడిగిన పొడుగాటి కర్రలతో దారి మళ్ళిస్తూ, ఒడ్డు వెంట నెలల తరబడి నడిచి, అరన్హువేస్ దాకా చేర్చేవారు. చిన్నప్పుడు అరన్హువేస్‌లో వాళ్ళను చూసిన హోసె లూయిస్ సంపెద్రో పెద్దయ్యాక వాళ్ళమీద ఒక నవల రాశాడు. 1961లో వచ్చింది, తర్వాత సినిమా కూడా తీశారు. లారీలూ ఆనకట్టలూ వచ్చాక ఆ పని ఆగిపోయింది. 1997 నుంచి ఇక్కడి ఐదు ఊళ్ళు ఏటా వంతులవారీగా దుంగలు తేలుస్తూ పండగ చేస్తున్నాయి. స్పెయిన్‌తోపాటు మరో ఐదు దేశాల్లో ఉన్న ఈ విద్యను 2022లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

పండగ బాగుంది, మరి ఊళ్ళు? మధ్యాహ్నం ఓ పల్లెలో ఆగాం. నలభై యాభై ఇళ్ళుంటాయి, సగానికి పైగా తాళాలే. ఊరి చివర బట్టలుతుక్కునే రేవు. పెంకుల కప్పు, వాలుగా పెట్టిన రాతిబండలు. ఎన్ని చేతుల రాపిడికో ఆ బండలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. నేను వాటిని తాకి చూస్తుంటే, అక్కడ నీళ్ళు పట్టుకుంటున్న ఓ పెద్దావిడ నవ్వింది. మా అమ్మాయి ఇద్దరి మధ్యా మాటలు అందించింది. "ఆగస్టులో పిల్లలంతా వస్తారు, ఊరు నిండిపోతుంది. చలికాలంలో పొగ వచ్చే ఇళ్ళు నాలుగే" అందావిడ. కొడుకు మాడ్రిడ్‌కి రమ్మంటాడట. "నేనూ వెళితే మూడే కదా!" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. ఈ సీమలో చదరపు కిలోమీటరుకు ఇద్దరో ముగ్గురో మనుషులు. 1950 తర్వాత జనం పనులకోసం మాడ్రిడ్‌కీ, సరగోసాకీ, బార్సెలోనాకీ తరలిపోయారు. ఇలా ఖాళీ అయిన ఊళ్ళవాళ్ళు 2019 మార్చి 31న మాడ్రిడ్ వీధుల్లో పెద్ద ఊరేగింపు తీసి, బడీ బస్సూ డాక్టరూ మాకూ కావాలన్నారు. నడిచే మనిషి లేకపోతే కాలిబాటను రెండు వానలకే పొదలు మింగేస్తాయి. ఊరూ అంతే. అందుకే మనలాంటివాళ్ళు నడిచి, అక్కడే ఓ పూట తిని, ఓ తేనె సీసా కొనుక్కుంటే అది ఆ ఊరి దీపంలో పోసిన నూనె.

కాపరుల ఉప్మా

తిండి సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరుగా! ఇక్కడ మీగాస్ అని చేస్తారు. మన బ్రెడ్ ఉప్మాకి అక్క అనుకోండి. ఎండిన రొట్టెను చిన్న ముక్కలు చేసి, ఉప్పునీళ్ళు చిలకరించి, బట్ట కప్పి రాత్రంతా ఉంచుతారు. పొద్దున ఆలివ్ నూనెలో దంచిన వెల్లుల్లి వేయించి, ఆ ముక్కల్ని వేసి, పొడిపొడిగా అయ్యేదాకా సన్నటి సెగ మీద కలుపుతూనే ఉంటారు. పక్కన ద్రాక్షపళ్ళు. మామూలుగా పంది మాంసం వేస్తారు కాబట్టి శాకాహారులు ముందే అడగాలి. నేనైతే పులిహోర కట్టుకెళ్ళాను. చల్లారినా రుచి చెడనిది మన పులిహోరే!

ఇంకో మాట. అడవిలో పొయ్యి వెలిగించకండి. 2005 జులైలో ఈ అడవుల పక్కనే విహారానికి వచ్చినవాళ్ళు మాంసం కాల్చుకున్న నిప్పు నుంచి పెద్ద కార్చిచ్చు లేచింది. దాదాపు 13 వేల హెక్టార్లు తగలబడ్డాయి. ఆర్పడానికి వెళ్ళిన 11 మంది ప్రాణాలు పోయాయి. కార్తీకమాసం వనభోజనాల్లో పొయ్యి పెట్టే మనకీ ఇది గుర్తుండాలి. నీళ్ళు పోసి, మట్టి కప్పి, చేత్తో తాకి చల్లారిందో లేదో చూసుకున్నాకే కదలాలి.

మీరు వెళితే...

* వసంతంలో గానీ, సెప్టెంబరు–అక్టోబరుల్లో గానీ వెళ్ళండి. సాయంత్రానికి చలి దిగుతుంది, స్వెట్టరు తప్పనిసరి.
* చీరకంటే పంజాబీ డ్రెస్ నయం. కొత్త బూట్లు వద్దు. వారం ముందునుంచీ ఇంట్లో తొడిగి అలవాటు చేసుకున్నవే వేసుకోండి.
* పల్లెల్లో దుకాణాలు ఉండకపోవచ్చు. నీళ్ళూ, బెల్లం వేసిన పల్లీలుండలూ దగ్గరుంచుకోండి.
* గండ్లలో ఫోను అందదు. ఎటు వెళుతున్నారో ఎవరికైనా చెప్పి బయలుదేరండి. ఆపదలో పిలవాల్సిన నంబరు 112.
* దిగేటప్పుడే మోకాళ్ళకు బరువెక్కువ. చేతికర్ర సిగ్గుపడాల్సిన వస్తువు కాదు.

ఇంటికొచ్చిన వారానికే మావారిని వెంటబెట్టుకుని మా అమ్మగారి ఊరు వెళ్ళాను. అమ్మ పోయాక ఆరేళ్ళుగా తాళం వేసి ఉన్న ఇల్లు. తుప్పు పట్టిన తాళం తియ్యడానికి అరగంట పట్టింది. వాకిలి ఊడ్చి, చెరువుగట్టు దాకా ఇద్దరం నడిచాం. చిన్నప్పుడు మేం బిందెలతో వెళ్ళిన బాట తుమ్మచెట్ల మధ్య సన్నగానైనా ఇంకా ఉంది.

వచ్చే సంక్రాంతికి అక్కడే పొయ్యి వెలిగించాలనుకుంటున్నాం.